ఫిట్స్ మాత్రలు వాడుతుంటే ఒళ్ళు కమిలినా, రక్తం కారినా ఏం చేయాలి

మిగతాదంతా చదివే ఓపిక లేకపోయినా ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి: ఒంటి మీద కమిలిన మచ్చలు కనబడ్డాయని ఫిట్స్ మాత్ర మీ అంతట మీరు ఆపకండి. మచ్చ చూసి భయపడి మాత్ర మానేస్తే ఫిట్స్ మళ్ళీ రావచ్చు, ఒక్కోసారి ఒకదాని వెనక ఒకటి ఆగకుండా వస్తాయి, అది ప్రాణం మీదికి తెచ్చే పరిస్థితి. పైగా రక్తం సరిగ్గా గడ్డకట్టని మనిషి ఫిట్ వచ్చి కిందపడి తలకి దెబ్బ తగిలించుకుంటే, మచ్చల కంటే వందరెట్లు పెద్ద ప్రమాదం. అలాగని మచ్చల్ని వదిలేయమనీ కాదు. మాత్ర వేసుకుంటూనే చేయాల్సిన పనులు ఉన్నాయి, అవి ఏ వరుసలో చేయాలో రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాదు, ఇంట్లో ఈ మందు వాడే మనిషిని చాలాకాలంగా చూసుకుంటున్నదాన్ని. ఇక్కడ రాసింది డాక్టర్ దగ్గరికి సిద్ధంగా వెళ్ళడానికి, డాక్టర్ బదులు కాదు.

ముందు మీ మందు ఏదో తేల్చుకోండి

ఫిట్స్ మందులన్నీ రక్తం విషయంలో ఒకేలా ఉండవు. స్ట్రిప్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్నగా ఉండే అసలు మందు పేరు చదవండి. సోడియం వాల్ప్రోయేట్, వాల్ప్రోయిక్ యాసిడ్, డైవాల్ప్రోయెక్స్, వీటిలో ఏది ఉన్నా ఒకటే, ఒంట్లోకి వెళ్ళాక అన్నీ వాల్ప్రోయేటే. బైపోలార్ అనే మానసిక జబ్బుకి, మైగ్రేన్ రాకుండా ఉండటానికి కూడా ఇదే మందు ఇస్తారు, కాబట్టి నాకు ఫిట్స్ లేవు కదా, ఇది నాకెందుకు అనుకోకండి.

కమిలిపోవడం, రక్తం కారడం అనగానే మొదట అనుమానించాల్సింది వాల్ప్రోయేట్‌నే. అది ఒక్క దారిలో కాదు, రెండు మూడు దారుల్లో రక్తం మీద పనిచేస్తుంది. ప్లేట్‌లెట్ల సంఖ్య తగ్గిస్తుంది. సంఖ్య బాగానే ఉన్నా అవి ఒకదానికొకటి అతుక్కుని రక్తాన్ని ఆపే పని సరిగ్గా చేయనివ్వదు. కొందరిలో ఫైబ్రినోజెన్, వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్ లాంటి, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రొటీన్లు కూడా తగ్గుతాయి. అందుకే ప్లేట్‌లెట్ కౌంట్ నార్మల్ అని రిపోర్ట్ వచ్చినా మచ్చలు పడుతూనే ఉండొచ్చు. కౌంట్ బాగుంది కాబట్టి మచ్చలకీ మందుకీ సంబంధం లేదని ఎవరైనా తేల్చేస్తే ఒప్పుకుని వచ్చేయకండి, మళ్ళీ అడగండి.

ఈ ప్రభావం డోసుతో పాటు పెరుగుతుంది. మందుతో వచ్చే అధికారిక సమాచారంలోనే ఒక క్లినికల్ ట్రయల్ లెక్క ఉంది: కిలోకి రోజుకి సుమారు 50 మిల్లీగ్రాముల చొప్పున, అంటే బాగా ఎక్కువ డోసు వాడిన 126 మందిలో 34 మందికి ఏదో ఒక టెస్టులో ప్లేట్‌లెట్లు మైక్రోలీటర్‌కి 75,000 లేదా అంతకంటే తక్కువకి పడిపోయాయి (మామూలుగా లక్షన్నర పైన ఉంటాయి). వాళ్ళలో దాదాపు సగం మందికి మందు ఆపితే కౌంట్ మామూలుకొచ్చింది, మిగతా వాళ్ళకి మందు కొనసాగిస్తుండగానే మామూలుకొచ్చింది. నన్ను కుదుటపరిచింది ఈ రెండో సగమే. కౌంట్ తగ్గడం అంటే ప్రతిసారీ మందు మార్చేయాల్సిందే అని కాదు. రక్తంలో మందు లెవెల్ ఆడవాళ్ళలో 110, మగవాళ్ళలో 135 మైక్రోగ్రాములు (మిల్లీలీటర్‌కి) దాటితే ప్లేట్‌లెట్లు తగ్గే అవకాశం బాగా పెరుగుతుందని కూడా అందులోనే ఉంది. ఇది మాత్ర వేసుకునే ముందు తీసిన రక్తంలోని లెవెల్, ఆ సంగతి టెస్టుల దగ్గర మళ్ళీ చెబుతాను.

కార్బమజెపైన్ సంగతి వేరు. దానితో తెల్ల రక్తకణాలు కొంచెం తగ్గడం మామూలే, అది చాలావరకు ప్రమాదం కాదు. రక్తకణాలు తయారుచేసే ఎముక మజ్జే పనిచేయడం మానేసే అప్లాస్టిక్ అనీమియా మాత్రం చాలా అరుదు, కానీ వస్తే తీవ్రం. ఆ మందు వాడేవాళ్ళలో ఈ ముప్పు మామూలు జనం కంటే 5 నుంచి 8 రెట్లు అని చెబుతారు. వినడానికి భయంగా ఉంటుంది గానీ మామూలు జనంలో అది ఏడాదికి పది లక్షల మందిలో ఇద్దరికి వచ్చే జబ్బు, కాబట్టి అన్ని రెట్లయినా చాలా చిన్న సంఖ్యే. ఫెల్బమేట్ అనే మందుకి మాత్రం ఈ ముప్పు నిజంగా ఎక్కువ, 1993లో అమెరికాలో అనుమతి వచ్చింది, 1994కల్లా అప్లాస్టిక్ అనీమియా కేసులు బయటపడి గట్టి హెచ్చరిక వచ్చింది. ఇప్పుడు వేరే దారి లేనప్పుడే వాడతారు.

ఫెనిటాయిన్ వాడేవాళ్ళకి చిగుళ్ళు ఉబ్బి, బ్రష్ చేస్తే రక్తం వస్తుంది. దానికి ప్లేట్‌లెట్లు కారణం కాదు, ఆ మందు వల్ల చిగురు కండ పెరుగుతుంది, దాంట్లో పాచి చేరి వాస్తుంది. ఒంటి మీద ఇంకెక్కడా మచ్చలు లేకుండా చిగుళ్ళ నుంచి మాత్రమే రక్తం వస్తుంటే డెంటిస్ట్‌కి చూపించండి, మీ న్యూరాలజిస్ట్‌కీ చెప్పండి. టోపిరమేట్‌తో కూడా పెద్దవాళ్ళలో రక్తస్రావం 4.5 శాతం మందిలో కనబడింది, పోలిక కోసం మందు లేని ఉత్త మాత్ర వేసుకున్న వాళ్ళలో అది 3 శాతం. తేడా చిన్నదే, కానీ తీవ్రంగా రక్తం పోయిన వాళ్ళలో చాలామందికి అప్పటికే వేరే జబ్బో, రక్తం మీద పనిచేసే ఇంకో మందో ఉంది. రెండు మూడు మందులు కలిపి వాడేవాళ్ళు దీన్ని పట్టించుకోవాలి. లెవెటిరాసెటమ్, లామోట్రిజిన్‌లతో ప్లేట్‌లెట్లు తగ్గడం అరుదు, అసలు రాదని మాత్రం కాదు.

ఒంటిని ఒకసారి పూర్తిగా చూసుకోండి

మంచి వెలుతురులో, బట్టలు తీసి, వీపు వైపు ఇంకొకరు చూసేలా. మోకాలి కింద, మోచేతుల దగ్గర, ఎక్కడైనా తగిలే చోట ఒకటో రెండో మచ్చలు ఉండటం ఎవరికైనా మామూలే. ఫిట్ వచ్చి పడిన తర్వాత ఒకే పక్కన కమిలినా దానికి కారణం తెలుస్తూనే ఉంది. ఆలోచించాల్సింది వేరే: తగిలిన గుర్తే లేకుండా వచ్చినవి, పొట్ట మీద, వీపు మీద, ఛాతీ మీద, తొడల లోపలి వైపు, మొహం మీద వచ్చినవి, చిన్న దెబ్బకి అరచేయంత పెద్దగా పరుచుకున్నవి, పాతవి తగ్గకముందే కొత్తవి వస్తూ ఉండేవి.

మచ్చల కంటే ముఖ్యంగా వెతకాల్సింది సూదితో గుచ్చినట్టు ఉండే ఎర్రటి చిన్న చుక్కల్ని. ఇవి ఎక్కువగా పాదాల దగ్గర, పిక్కల మీద, సాక్సు అంచు నొక్కుకునే చోట మొదలవుతాయి. నోట్లో బుగ్గల లోపల, అంగిట్లో కూడా చూడండి. ఒక గాజు గ్లాసు చర్మం మీద పెట్టి నొక్కండి. మామూలు దద్దురైతే రంగు పోతుంది, చర్మం కింద రక్తం చేరిన చుక్కలైతే గాజు కింద కూడా ఎర్రగానే ఉంటాయి. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఇవి కనబడటం కష్టం, కాబట్టి అరికాళ్ళు, అరచేతులు, కళ్ళ లోపలి రెప్ప, అంగిలి దగ్గర వెతకండి. చుక్కలతో పాటు జ్వరం, మెడ బిగుసుకోవడం ఉంటే అది వేరే ప్రమాదం, ఈ గైడ్ పక్కన పెట్టి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి.

తర్వాత ఈ ప్రశ్నలు వేసుకోండి. ముక్కులోంచి రక్తం వస్తోందా, వస్తే ఎంతసేపటికి ఆగుతోంది? చిన్న గీత పడినా, గడ్డం గీసుకునేటప్పుడు తెగినా చాలాసేపు కారుతోందా? నెలసరి ముందుకంటే ఎక్కువగా అవుతోందా, ఏడు రోజులు దాటుతోందా? మూత్రం ఎర్రగా, టీ రంగులో వస్తోందా? మలం తారులా నల్లగా, జిగటగా ఉందా? ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళకి కూడా మలం నల్లగానే వస్తుంది, ఆ మాత్రలు వాడుతుంటే అది కూడా డాక్టర్‌కి చెప్పండి.

కనబడ్డ ప్రతి మచ్చనీ ఫోనులో ఫొటో తీయండి, పక్కన ఒక నాణెం పెట్టి తీస్తే సైజు తెలుస్తుంది. అప్పటి నుంచి రెండు రోజులకోసారి అదే చోట మళ్ళీ తీయండి. పక్కనే ఒక కాగితం మీద మూడు సంగతులు రాయండి: మందు డోసు చివరిసారి ఎప్పుడు పెరిగింది, ఈ మధ్య కొత్తగా ఏ మందు మొదలైంది, జ్వరంగానీ ఇన్ఫెక్షన్ గానీ వచ్చిందా. ఫిట్ వచ్చిన తేదీలు కూడా అందులోనే ఉండాలి, లేకపోతే ఏ మచ్చ ఫిట్ వచ్చి కిందపడటం వల్ల వచ్చిందో, ఏది ఊరికే వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

ఆగకూడనివి, ఆగి చూడగలిగినవి

ఈ కింద చెప్పిన వాటిలో ఒక్కటి ఉన్నా ఇంట్లో కూర్చుని ఆలోచించకండి, ఎమర్జెన్సీకి వెళ్ళండి. తలకి దెబ్బ తగిలితే, అందులోనూ ఫిట్ వచ్చి పడినప్పుడు తగిలితే, మనిషి బాగానే ఉన్నట్టు కనబడినా వెళ్ళాలి. ఎందుకంటే తల లోపల రక్తం నెమ్మదిగా చేరితే లక్షణాలు గంటల తర్వాత బయటపడతాయి. ఫిట్ తర్వాత వచ్చే మగతకీ తల లోపల రక్తం చేరడం వల్ల వచ్చే మగతకీ తేడా ఇంట్లో మనం కనిపెట్టలేం. మనిషి ప్రతిసారీ ఫిట్ తర్వాత లేచే టైమ్‌కి లేవకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, వాంతులవుతున్నా, ఒక చెయ్యి కాలు పడిపోయినట్టున్నా, మాట తడబడుతున్నా అది మామూలు కాదు. రక్తపు వాంతి, తారు లాంటి మలం, ఆగని రక్తం, గంటకో ప్యాడ్ తడిసే నెలసరి, నోట్లో రక్తపు బొబ్బలు, ఇవన్నీ అదే వరుసలోవి.

వాల్ప్రోయేట్ వాడేవాళ్ళు ఇంకో రెండు చూసుకోవాలి. ఒకటి కాలేయం. రక్తం గడ్డకట్టించే పదార్థాలు చాలావరకు అక్కడే తయారవుతాయి. అది దెబ్బతింటే మచ్చలతో పాటు వాంతులు, తిండి సయించకపోవడం, బాగా నీరసం, మొహం వాయడం, కళ్ళు పచ్చబడటం, అంతకుముందు అదుపులో ఉన్న ఫిట్స్ మళ్ళీ మొదలవడం కనబడతాయి. ఇది ఎక్కువగా మొదటి ఆరు నెలల్లో వస్తుంది, రెండేళ్ళ లోపు పిల్లల్లో ముప్పు అన్నిటికంటే ఎక్కువ. రెండోది క్లోమం వాపు: వీపులోకి పాకే తీవ్రమైన కడుపు నొప్పి, వాంతులు. ఈ రెండిటికీ అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి, తర్వాతి డోసు వేయాలా వద్దా అనేది అక్కడ చూసే డాక్టరే చెప్పాలి. అలాగే మందు కొత్తగా మొదలుపెట్టిన వారాల్లో ఒళ్ళంతా దద్దుర్లు, జ్వరం, నోట్లో పుళ్ళు వస్తే అది కమలడం కాదు, మందు పడకపోవడం కావచ్చు, దానికీ అదే తొందర కావాలి.

కారణం లేకుండా మచ్చలు పెరుగుతున్నాయి, చుక్కలు కనబడుతున్నాయి, ముక్కు నుంచి రక్తం మళ్ళీ మళ్ళీ వస్తోంది, కానీ మనిషి బాగానే ఉన్నాడు అంటే, ఒకటి రెండు రోజుల్లో డాక్టర్‌ని కలిసి రక్తపరీక్ష చేయించాలి. కాలి మీద ఒకటో రెండో మచ్చలే ఉండి ఇంకేమీ లేకపోతే ఫొటో తీసి, తర్వాత వెళ్ళినప్పుడు చూపించండి.

రక్తం కారుతుంటే అప్పటికప్పుడు

ముక్కులోంచి రక్తం వస్తే చాలామంది తల వెనక్కి వాల్చేస్తారు, అలా చేస్తే రక్తం గొంతులోకి దిగి వాంతి అవుతుంది, ఎంత పోయిందో కూడా తెలియదు. కూర్చుని ముందుకు వంగండి. ముక్కు ఎముక కింద మెత్తగా ఉండే భాగాన్ని బొటనవేలు, చూపుడువేలితో గట్టిగా నొక్కి, నోటితో గాలి పీల్చుకుంటూ 10 నుంచి 15 నిమిషాలు వదలకుండా పట్టుకోండి. మధ్యలో ఆగిందా అని వదిలి చూడకండి, గడియారం చూసుకోండి. ఇంకా ఆగకపోతే మరోసారి అంతసేపు పట్టుకోండి, అరగంటకి కూడా ఆగకపోతే ఆస్పత్రికి వెళ్ళండి.

తెగిన గాయమైతే శుభ్రమైన గుడ్డ పెట్టి 10 నిమిషాలు అదిమి పట్టండి, గుడ్డ తడిస్తే దాన్ని తీయకుండా దాని మీదే ఇంకోటి పెట్టండి. కమిలిన చోట మొదటి రోజు గుడ్డలో చుట్టిన ఐస్ కాసేపు పెట్టొచ్చు, రుద్దకండి, మసాజ్ చేయకండి. అప్పుడే ఫిట్ వచ్చి ఇంకా తెలివిలేని మనిషికైతే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నాలుక కొరుక్కుని నోట్లోంచి రక్తం వస్తున్నా నోట్లో ఏమీ పెట్టకండి. ఫిట్ ఐదు నిమిషాలు దాటితే రక్తం సంగతి తర్వాత, ముందు అంబులెన్స్‌ని పిలవండి.

నొప్పికి ఏం వేసుకోవాలన్నది ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే జనం ఎక్కువగా ఇక్కడే ప్రమాదంలో పడతారు. కమిలిన చోట నొప్పి పుడితే ఇంట్లో ఉన్న ఇబుప్రోఫెనో డైక్లోఫెనాకో ఆస్పిరినో వేసేసుకుంటారు. ఈ మూడూ ప్లేట్‌లెట్ల పనిని ఇంకా తగ్గిస్తాయి. ఆస్పిరిన్ అయితే అది చాలదన్నట్టు రక్తంలో విడిగా తిరిగే వాల్ప్రోయేట్‌ని కూడా పెంచుతుంది. డాక్టర్‌ని అడిగేలోపు నొప్పికి ఏదైనా కావాలంటే పారాసెటమాల్ నయం, అది కూడా స్ట్రిప్ మీద రాసిన మోతాదు దాటకుండా, కాలేయం జబ్బు లేకపోతేనే.

టెస్టులు

మొదటిది సీబీసీ, అంటే కంప్లీట్ బ్లడ్ కౌంట్. రిపోర్టులో ప్లేట్‌లెట్లు మామూలుగా మైక్రోలీటర్‌కి 1,50,000 నుంచి 4,50,000 దాకా ఉంటాయి. లక్షన్నర కంటే కొంచెం తక్కువుంటే చాలామందికి ఏ లక్షణమూ ఉండదు, డాక్టర్ గమనిస్తూ ఉంటారు. లక్ష కంటే తగ్గితే డోసు గురించి మాట్లాడాల్సిన సమయం వచ్చినట్టే. 50,000 కంటే తక్కువైతే ఆపరేషన్లకి, దెబ్బలకి భయపడాలి. 20,000 కంటే దిగితే దెబ్బ లేకుండానే రక్తం కారే అవకాశం ఉంది. ఈ సంఖ్యలు వాల్ప్రోయేట్ వాడేవాళ్ళకి పూర్తిగా సరిపోవు, పైన చెప్పినట్టు కౌంట్ బాగున్నా పని సరిగ్గా చేయకపోవచ్చు కాబట్టి. అందుకే రిపోర్ట్ ఒక్కటే కాదు, ఒళ్ళు కూడా చూపించాలి.

కౌంట్ ఉన్నట్టుండి బాగా తక్కువగా వచ్చి, ఒంటి మీద మాత్రం ఏమీ లేకపోతే టెన్షన్ పడేముందు ఒక్కటి అడగండి: స్మియర్ చూశారా అని, అంటే రక్తపు చుక్కని గాజు పలక మీద పూసి మైక్రోస్కోపులో చూశారా అని. రక్తం తీసే ఊదా మూత గొట్టంలో, రక్తం గడ్డకట్టకుండా ఉంచడానికి వేసే ఈడీటీఏ అనే రసాయనం వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గొట్టంలోనే ముద్దలు కట్టేస్తాయి, మిషన్ వాటిని లెక్కపెట్టలేక తక్కువ చూపిస్తుంది. సిట్రేట్ ఉన్న గొట్టంలో మళ్ళీ తీస్తే అసలు సంఖ్య వస్తుంది. ఈ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల బాగా పనిచేస్తున్న మందు అనవసరంగా మారిపోవచ్చు.

సీబీసీతో పాటు పీటీ ఐఎన్ఆర్, ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసేవి), కాలేయం పరీక్షలు అవసరమా అని అడగండి. కౌంట్ బాగుండి మచ్చలు ఆగకపోతే ఫైబ్రినోజెన్, వాన్ విల్లీబ్రాండ్ పరీక్షల గురించి అడగడం తప్పేం కాదు. వాల్ప్రోయేట్ లెవెల్ చేయిస్తే పొద్దున మాత్ర వేసుకోకముందు రక్తం ఇవ్వాలి, వేసుకున్న తర్వాత ఇస్తే లెవెల్ ఎక్కువ వచ్చి అనవసరంగా డోసు తగ్గించే ప్రమాదం ఉంది. కాబట్టి ఆ రోజు మాత్ర జేబులో పెట్టుకుని వెళ్ళి, రక్తం ఇచ్చిన వెంటనే వేసుకోండి, మర్చిపోకుండా. చివరి డోసు ఎన్ని గంటలకి వేసుకున్నారో ల్యాబ్ కాగితం మీద రాయించండి.

కొత్తగా మందు మొదలుపెడుతున్న వాళ్ళకి నా గట్టి సలహా, మొదటి మాత్రకి ముందే ఒక సీబీసీ చేయించి దాచుకోండి. వాల్ప్రోయేట్‌కి మొదలుపెట్టే ముందూ, తర్వాత అప్పుడప్పుడూ, ఆపరేషన్‌కి ముందూ ఈ పరీక్షలు చేయాలని మందు సమాచారంలోనే రాసి ఉంటుంది. పుట్టుకతోనే ప్లేట్‌లెట్లు లక్షా ముప్పైవేల దగ్గర ఉండే మనుషులు ఉంటారు, మొదటి కాగితం లేకపోతే అది మందు వల్లే తగ్గిందని తర్వాత అందరూ అనుకుంటారు.

ఇంకేం వేసుకుంటున్నారో అన్నీ ఒకచోట రాయండి

డాక్టర్ ఇచ్చినవే కాదు, సొంతంగా కొనుక్కున్నవి కూడా. క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ గుండెకి వాడేవి. డిప్రెషన్‌కి ఇచ్చే ఫ్లూక్సెటిన్, సెర్ట్రలిన్ కూడా రక్తస్రావం ముప్పు కొంచెం పెంచుతాయి, ఫిట్స్ ఉన్నవాళ్ళలో ఇవి వాడేవాళ్ళు తక్కువేం కాదు. చేపనూనె, గింకో, ఎక్కువ మోతాదు విటమిన్ ఇ మాత్రలు, మద్యం కూడా ఈ లిస్టులో ఉండాలి.

రక్తం పలచబడటానికి మందు వాడేవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవండి. కార్బమజెపైన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్ కాలేయంలోని ఎంజైములని పెంచి రక్తం పలచబరిచే వార్ఫరిన్‌ని త్వరగా కరిగించేస్తాయి, దాంతో ఐఎన్ఆర్ తగ్గుతుంది, అంటే రక్తం కావాల్సినంత పలచబడదు, దానికి తగ్గట్టు డాక్టర్ వార్ఫరిన్ డోసు పెంచుతారు. కొన్నాళ్ళకి న్యూరాలజిస్ట్ కార్బమజెపైన్ ఆపి ఇంకో మందు ఇస్తారనుకోండి. ఎంజైములు రెండు మూడు వారాల్లో నెమ్మదిగా మామూలుకొస్తాయి, వార్ఫరిన్ డోసు మాత్రం పెంచిన చోటే ఉంటుంది. అప్పుడు ఐఎన్ఆర్ ఎగిరిపోయి రక్తం కారుతుంది, ఫిట్స్ మందు మార్చి చాలా రోజులైంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఫిట్స్ మందు మొదలుపెట్టినా, ఆపినా, డోసు మార్చినా గుండె డాక్టర్‌కి కూడా అదే రోజు చెప్పండి, కొన్ని వారాలు ఐఎన్ఆర్ తరచుగా చూడమని అడగండి. రక్తం పలచబడటానికే ఇచ్చే అపిక్సబాన్, రివరాక్సబాన్, డబిగాట్రాన్ వాడేవాళ్ళకి ఐఎన్ఆర్‌తో చూసుకునే వీలు కూడా లేదు, ఈ ఫిట్స్ మందులు వాటి బలాన్ని తగ్గించి రక్తం గడ్డలు కట్టే ముప్పు తెస్తాయి. కాబట్టి ఆ జోడీ ఉంటే ఇద్దరు డాక్టర్లూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చేయాల్సింది మీరే.

డాక్టర్ దగ్గర

ఊరికే ఒళ్ళు కమిలిపోతోందండీ అంటే ఐదు నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు. అదే, వాల్ప్రోయేట్ రోజుకి ఇంత వాడుతున్నాం, ఫలానా నెలలో డోసు పెంచారు, ఆ తర్వాత మూడు వారాలకి పొట్ట మీద దెబ్బ తగలకుండానే మచ్చలు మొదలయ్యాయి, ఫొటోలు ఇవిగో, ఇది పాత సీబీసీ, ఇది కొత్తది అంటే మాట వేరేగా నడుస్తుంది. డాక్టర్ చేయగలిగినవి సాధారణంగా నాలుగు: కొన్నాళ్ళు గమనించడం, డోసు తగ్గించడం, వేరే మందు కలుపుతూ దీన్ని మెల్లగా తీసేయడం, పరిస్థితి తీవ్రంగా ఉంటే ఆస్పత్రిలో పెట్టుకుని వెంటనే ఆపడం. డోసు తగ్గిస్తే వాల్ప్రోయేట్ వల్ల తగ్గిన ప్లేట్‌లెట్లు చాలామందిలో మళ్ళీ పెరుగుతాయి. డోసు తగ్గించమన్నప్పుడు రెండు ప్రశ్నలు అడక్కుండా రాకండి: మళ్ళీ సీబీసీ ఎప్పుడు చేయించాలి, ఈలోపు ఫిట్ వస్తే ఏం చేయాలి?

మందు వల్లే అని తేలేదాకా వేరే కారణాలూ చూస్తారు. డెంగీ లాంటి వైరల్ జ్వరాలు, కాలేయం జబ్బు, విటమిన్ బి12 లోపం, ఒళ్ళే తన ప్లేట్‌లెట్లని చంపుకునే ఐటీపీ, ఇవన్నీ ఇలాగే కనబడతాయి. ఫిట్స్ మందు వాడుతున్నారు కదా అని అన్నిటికీ దాన్నే అనడం కూడా పొరపాటే.

పంటికి, ఆపరేషన్‌కి వెళ్ళే ముందు

పన్ను పీకించుకోవడమైనా, చిన్న ఆపరేషనైనా, మీరు వాడే ఫిట్స్ మందు పేరూ డోసూ వాళ్ళు అడగకపోయినా చెప్పండి. వాల్ప్రోయేట్ అయితే కొన్ని రోజుల ముందే ప్లేట్‌లెట్లు, గడ్డకట్టే పరీక్షలు చేయించమని అడగండి, ఆ రోజు పొద్దున చేయిస్తే ఆపరేషన్ వాయిదా పడుతుంది. ఏమీ తినకూడదని చెప్పిన రోజు ఫిట్స్ మాత్ర కూడా మానేయాలేమో అని చాలామంది మానేస్తారు. అలా మానకండి, గుక్కెడు నీళ్ళతో వేసుకోవచ్చా అని ముందురోజే మత్తు డాక్టర్‌ని అడగండి. ఆస్పత్రిలో మెరోపెనెమ్ లాంటి కార్బపెనెమ్ యాంటీబయాటిక్ ఇవ్వబోతుంటే వాల్ప్రోయేట్ సంగతి తప్పకుండా గుర్తుచేయండి, అది రక్తంలో వాల్ప్రోయేట్‌ని ఒక్కసారిగా పడగొట్టి ఫిట్స్ తెప్పిస్తుంది.

ఆడవాళ్ళకి, పుట్టబోయే పిల్లలకి

నెలసరి ఎక్కువవుతుంటే సిగ్గుపడి న్యూరాలజిస్ట్ దగ్గర దాచకండి, అది ఆయనకి కావాల్సిన సమాచారమే. వాల్ప్రోయేట్ కడుపులో బిడ్డకి హాని చేసే మందు, కాబట్టి పిల్లల్ని కనాలనుకుంటే గర్భం రాకముందే మాట్లాడాలి. అప్పటికే గర్భం వచ్చి ఉంటే మందు ఆపేయకుండా, అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్ వాడే తల్లులకి పుట్టిన బిడ్డల్లో విటమిన్ కె తక్కువై మొదటి రోజుల్లో రక్తం కారే ముప్పు ఉంది. పుట్టగానే ఇచ్చే విటమిన్ కె ఇంజెక్షన్ దానికే, ఇచ్చారో లేదో ఇంట్లోవాళ్ళు అడిగి తెలుసుకోవాలి.

రోజూ చేయదగ్గవి

మెత్తని బ్రష్ వాడండి. గడ్డానికి ఎలక్ట్రిక్ షేవర్ మంచిది. ఫిట్స్ ఇంకా వస్తున్నవాళ్ళ మంచం ఎత్తు తక్కువ ఉండాలి, పదునైన అంచులకి మెత్తని పట్టీలు వేయండి. కౌంట్ తక్కువగా ఉన్న రోజుల్లో కండలోకి ఇంజెక్షన్ వేయబోతే ముందు ఆ సంగతి చెప్పండి. మాత్రలు డబ్బాలో వారం రోజులకీ సర్ది పెట్టుకోండి, ఒక పూట మర్చిపోయి రెండు పూటలవి కలిపి మింగడం వల్ల కూడా లెవెల్ ఎగురుతుంది.

డోసు తగ్గించిన తర్వాత మచ్చలు తగ్గడానికి కొన్ని రోజులు పడుతుంది, ఉన్న మచ్చలు ఆకుపచ్చగా, పసుపుగా మారి పోతాయి, కాబట్టి పాతవి పోతున్నాయా అని కాదు, కొత్తవి వస్తున్నాయా అని చూడండి. డాక్టర్ చెప్పిన తేదీకి సీబీసీ చేయించి, కాగితాన్ని పాతవాటి పక్కన పెట్టి అంకెలు పోల్చుకోండి. కొత్త మందుకి మారితే దాని పేరు ఫోనులోనూ, పర్సులోని చీటీలోనూ అదే రోజు మార్చి రాయండి, పాత మందు పేరు కొట్టేసి పక్కన ఎందుకు ఆపారో కూడా రాయండి. రేపు ఎక్కడైనా తెలివి తప్పి పడిపోతే ఆ చీటీ చూసి అక్కడి డాక్టర్ మళ్ళీ అదే మందు ఇవ్వకుండా ఉంటారు.